తుపాకీ ఏ ఎత్తున పట్టాలి: ‘ది అసెంట్’ మూడుసార్లు ఆడాక నా అభిప్రాయం

‘ది అసెంట్’ అనే వీడియో గేమ్ మొదలుపెట్టేవారు అన్నిటికంటే ముందు మచ్చిక చేసుకోవలసింది కంట్రోలర్ ఎడమవైపు ట్రిగ్గర్‌ని. దాన్ని తాకకుండా కాలిస్తే మన పాత్ర తుపాకీని నడుము దగ్గర పట్టుకుని కాలుస్తుంది. నొక్కిపట్టి కాలిస్తే తుపాకీ భుజం ఎత్తుకు లేస్తుంది. పైనుంచి చూసే షూటర్లలో, అంటే కాల్పుల ఆటల్లో, గురి అంటే మామూలుగా ఒకటే ప్రశ్న: ఎటువైపు? ఇక్కడ రెండో ప్రశ్న కూడా ఉంది: ఎంత ఎత్తున? నడుము ఎత్తు గోడ వెనక వంగి కూర్చుని ట్రిగ్గర్ నొక్కితే తుపాకీ మాత్రం గోడ మీదుగా కాలుస్తుంది, ఒళ్లు చాటునే ఉంటుంది. అదే క్షణంలో మోకాలి ఎత్తు జీవులు గుంపుగా పరుగెత్తుకొస్తే, ఎత్తి కాల్చిన తూటాలన్నీ వాటి తలల మీదుగా వృథాగా పోతాయి. అప్పుడు తుపాకీ దించాలి. వాటి వెనకే భారీ కాయం ఉన్నవాడు నడిచివస్తుంటే మళ్లీ ఎత్తాలి, ఎందుకంటే పై భాగాన తగిలే దెబ్బలకే వాడు తూలుతాడు. ఈ ఎత్తడం, దించడం వేళ్లకు అలవాటైన రోజున ఆట తన అసలు రూపం చూపిస్తుంది. అది అలవాటు కాకముందే ‘ఇదేదో పైనుంచి చూసే మామూలు కాల్పుల ఆట’ అని వదిలేసినవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

నా ఉద్యోగం భవనాల నక్షాలు గీయడం. రోజంతా ప్లాన్లు, సెక్షన్లు, మెట్ల కొలతలు. ఈ ఆటను నేను మూడు రకాలుగా ఆడాను. మొదట ఒంటరిగా, చివరిదాకా. తర్వాత మా తమ్ముడితో, ఒకే గదిలో, ఒకే తెర మీద. మూడోసారి అక్క పిల్లలిద్దరూ సెలవులకు వచ్చినప్పుడు నలుగురం. మధ్యలో కాలేజీ నాటి స్నేహితుడొకరితో కొన్ని రాత్రులు ఆన్‌లైన్‌లో. ఒంటరిగా ఆడినప్పటి నా అభిప్రాయానికీ, నలుగురం ఆడాక కలిగిన అభిప్రాయానికీ చాలా తేడా ఉంది. అందుకే ఇంత వివరంగా రాయాలనిపించింది.

ఆట గురించి కొన్ని సంగతులు. దీన్ని తయారుచేసింది స్వీడన్‌లోని ఉప్సాలా నగరానికి చెందిన నియాన్ జెయింట్ అనే చిన్న స్టూడియో. పన్నెండు మందికి కాస్త అటూ ఇటూగా ఉన్న బృందం. దాన్ని స్థాపించిన టోర్ ఫ్రిక్, ఆర్కేడ్ బెర్గ్ అంతకుముందు పెద్ద పెద్ద షూటర్ గేములకు పనిచేసిన అనుభవజ్ఞులు. కర్వ్ సంస్థ ప్రచురణలో 2021 జూలై 29న విండోస్ కంప్యూటర్లకు, ఎక్స్‌బాక్స్‌కు విడుదలైంది. తొలిరోజు నుంచే మైక్రోసాఫ్ట్ చందా సేవ అయిన గేమ్ పాస్‌లో ఉండటంతో ఒక్కసారిగా చాలామంది చేతుల్లోకి వెళ్లింది. ప్లేస్టేషన్‌కు 2022 మార్చి 24న వచ్చింది. ఒంటరిగా ఆడవచ్చు, లేదా నలుగురి దాకా కలిసి ఆడవచ్చు, ఒకే తెర ముందు కూర్చుని గానీ, ఆన్‌లైన్‌లో గానీ.

ఈ జాతి ఆటలకు పాత వంశమే ఉంది. ఒక జాయ్‌స్టిక్‌తో నడుస్తూ ఇంకో జాయ్‌స్టిక్‌తో కాల్చే పద్ధతిని 1982లో ‘రోబోట్రాన్: 2084’ జనంలోకి తెచ్చింది. నలుగురు ఒకే తెర మీద నేలమాళిగల్లో తిరుగుతూ రాక్షసులను కొట్టి, దొరికింది పంచుకునే సరదాను 1985లో ‘గాంట్లెట్’ రుచి చూపించింది. ‘ది అసెంట్’ ఈ రెండింటి మనవడు. తాతలిద్దరికీ లేనిది, దీనికి ఉన్నది ఎత్తు. ఆటలో నాకు నచ్చినవాటిలో ఎక్కువ భాగం, నచ్చనివాటిలో కూడా ఎక్కువ భాగం, ఈ ఎత్తు చుట్టూనే ఉన్నాయి.

నగరం గురించి చెప్పాలి. వెలెస్ అనే గ్రహం మీద, ఆర్కాలజీ అనే ఒకే ఒక బ్రహ్మాండమైన కట్టడంలో కథంతా నడుస్తుంది. ఊరంతా ఒకే భవనం, భవనమే ఊరు. అడుగున డీప్‌స్టింక్ అనే మురుగు లోకం. దానిపైన ఇరుకు వారెన్స్, అందులో క్లస్టర్ 13 అనే మన స్థావరం. ఇంకా పైకి వెళితే హైస్ట్రీట్ అంగళ్ల వెలుగులు. అన్నిటికీ పైన డబ్బున్నవాళ్ల పినాకిల్. మా వృత్తిలో పైనుంచి చూసినట్టు గీసే బొమ్మను ప్లాన్ అని, భవనాన్ని నిలువుగా కోసి లోపలి అంతస్తులను చూపే బొమ్మను సెక్షన్ అని అంటారు. ఈ నగరాన్ని తీర్చినవాళ్లు ప్లాన్‌లో కాకుండా సెక్షన్‌లో ఆలోచించారని ఒక గంట ఆడితే నాకు అర్థమైంది. వంతెన మీద నిలబడి కిందికి చూస్తే ఇంకో వీధి, ఆ వీధి సందుల్లోంచి ఇంకో వీధి, వాటి మధ్య ఎగిరే బండ్ల దీపాలు. కింద కనిపించేది గోడకు అంటించిన బొమ్మ కాదు. అంతకుముందు మనం నడిచి వచ్చిన చోటుకు, ఇకముందు నడవబోయే చోటుకు అది లెక్కప్రకారం అతుకుతుంది.

కెమెరాను మనం తిప్పలేం. మొదట ఇది నాకు పెద్ద లోపంగా తోచింది. రెండోసారి ఆడుతున్నప్పుడు దాని లాభం తెలిసింది. చూసే కోణం ఒక్కటే కాబట్టి, ఆ కోణానికి సరిపడేలా ప్రతి మూలనూ శిల్పంలా చెక్కారు. కొన్నిచోట్ల కెమెరా తనంతట తానే కిందికి వాలి పాత్ర దగ్గరికి వస్తుంది, కొన్నిచోట్ల వెనక్కి జరిగి అగాధమంతా చూపిస్తుంది. లిఫ్టు ఎక్కిన ప్రతిసారీ నేను కంట్రోలర్ కింద పెట్టి చూసేదాన్ని. పైపులు ఏ గోడలోంచి వచ్చి ఏ గోడలోకి పోతున్నాయో, కేబుళ్లు దేనికి వేలాడుతున్నాయో, అంగడి రేకు కప్పు మీద నీళ్లు ఎటు జారుతున్నాయో అన్నిటికీ లెక్క ఉంది. పన్నెండు మంది కూర్చుని ఇంత కట్టారా అని ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. పావెల్ బ్లాష్చాక్ సంగీతం వీధుల్లో మెల్లగా మూలుగుతూ ఉంటుంది, కాల్పులు మొదలవగానే గుండె దడలా పెరుగుతుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆడమని నా సలహా.

ఇంత బాగా సెక్షన్‌లో ఆలోచించినవాళ్లు మ్యాప్‌ను మాత్రం ప్లాన్‌లో గీసి ఇచ్చారు. ఆటగాళ్ల ఫిర్యాదుల్లో నేను పూర్తిగా ఏకీభవించేది దీనితోనే. మ్యాప్ తెరిస్తే పైనుంచి చూసిన చదును బొమ్మ ఒకటి కనిపిస్తుంది. మన గమ్యం సరిగ్గా మన నెత్తి మీదే ఉన్నా, కాళ్ల కిందే ఉన్నా, అందులో పక్కనే ఉన్నట్టు ఉంటుంది. అక్కడికి చేర్చే మెట్లు ఎక్కడున్నాయి, లిఫ్టు ఏ వైపు, ఏ వంతెన ఏ అంతస్తుది అన్నది చదవడం కష్టం. ఒక బటన్ నొక్కితే నేల మీద గీత పడి దారి చూపిస్తుంది, నిజమే. అది ప్రాణం నిలిపే గీత. కానీ గీత వెంట నడిచేవారికి నగరం తెలియదు, గీత మాత్రమే తెలుస్తుంది. మొదటిసారి ఆట ముగించేసరికి నాకు గుర్తున్న దారులు చాలా తక్కువ. ఇంత అందమైన కట్టడంలో ముప్పై గంటలు తిరిగి దాని ఆకారం మనసులో నిలవకపోవడం నాకు నష్టంగానే తోచింది.

ఇక కాల్పులు. ఒంటరిగా ఆడేటప్పుడు నేను గోడ చాటునుంచి కదలని మనిషిని. ఒక అడ్డు వెతుక్కోవడం, తుపాకీ ఎత్తి కాల్చడం, అడ్డు పగిలిపోతే ఇంకో అడ్డుకు దొర్లడం. (అడ్డుగోడల్లో చాలావరకు తూటాలకు ముక్కలైపోతాయి, ఒకేచోట పాతుకుపోవడానికి వీల్లేదు.) అలా ఆడితే మధ్యలో కొంతసేపటికి విసుగు వస్తుంది. ఎందుకంటే శత్రువులు ఒకేవైపు నుంచి రారు. మనం ముందువైపు చూస్తుంటే వెనక తలుపు తెరుచుకుంటుంది.

తమ్ముడు పక్కన కూర్చున్నాక ఆ విసుగు మాయమైంది. వాడి పద్ధతి పూర్తిగా వేరు. హైడ్రాలిక్ స్లామ్ అని శరీరంలో అమర్చుకునే ఒక శక్తి ఉంది. నేల అదిరేలా ముందుకు ఒక పిడిగుద్దు, దాని దారిలో ఉన్నవాళ్లు ముద్దయిపోతారు. అది వాడాలంటే శత్రువుల మధ్యలోకి వెళ్లాలి. వాడు వెళ్లేవాడు. “అక్కా, నువ్వు ఎత్తి కాల్చు, చిన్నవాటిని నేను చూసుకుంటాను” అని మొదటి రోజే పని పంచేశాడు. ఆ ఒక్క మాటతో మా ఆట కుదిరింది. నేను గోడ వెనక నుంచి భుజం ఎత్తున కాలుస్తూ పెద్దవాళ్లను తూలేలా చేస్తాను. వాడు తుపాకీ దించి షాట్‌గన్‌తో చిన్నవాటిని ఊడ్చేస్తాడు. ఎత్తు తేడాను ఇద్దరి మధ్య పంచుకునే వీలు ఈ ఆటలో ఉన్నట్టు నేను ఇంకెక్కడా చూడలేదు. ఆట ఎక్కడా దీన్ని పాఠంగా చెప్పదు. ఇద్దరు మనుషులు కూర్చుని మాట్లాడుకుంటే తెలుస్తుంది.

పడిపోయినవాళ్ల పక్కకు చేరి లేపుకోవచ్చు. ఒంటరిగా పడిపోతే దగ్గరలోని చెక్‌పాయింట్‌లో మళ్లీ లేస్తాం, సామాను పోదు. ఇద్దరమూ ఉన్నప్పుడు మాత్రం పడిపోయినవాడి దగ్గరికి పరుగెత్తాలా, ముందు చుట్టూ ఉన్నవాళ్లను తగ్గించాలా అన్న నిర్ణయం రెండు మూడు సెకన్లలో జరిగిపోవాలి. పెద్ద సాలీడు ఆకారపు యంత్రంతో పోరాటంలో తమ్ముడు పడిపోయినప్పుడు నేను పరుగెత్తి తప్పు చేశాను, ఇద్దరమూ పోయాం. రెండోసారి వాడే అన్నాడు: “నన్ను వదిలెయ్ అక్కా, కాళ్ల సందులోంచి బయటకు వచ్చేదాకా ఆగు.” ఆగాను. గెలిచాం. గ్రెనేడ్ల వంటి టాక్టికల్ సామగ్రి మనం శత్రువులకు చేసే నష్టాన్ని బట్టి నిండుతుంది కాబట్టి, ఒకరు దాన్ని దాచి ఉంచి, ఇంకొకరు ఇబ్బందిలో పడినప్పుడు వాడటం కూడా మాకు క్రమంగా అలవాటైంది.

నలుగురితో సంగతి వేరు. అక్క కూతురికి పదిహేనేళ్లు, కొడుక్కి పన్నెండు. (రక్తం, బూతులు ఉన్న ఆట ఇది. పెద్దలకోసం చేసిందే. అక్కను అడిగి, ఆమె చూస్తుండగానే ఆడించాను. మీరూ ఆలోచించుకోండి.) ఒకే తెరలో నలుగురూ ఇమడాలి కాబట్టి ఎవరూ ఎవరినీ వదిలి దూరం పోలేరు. ఒకరు పెట్టె తెరవడానికి ఎడమకు, ఒకరు శత్రువు వెంట కుడికి లాగితే నడక ఆగిపోతుంది. నలుగురి తూటాలు, పేలుళ్లు, నియాన్ వెలుగులు, పొగ అన్నీ కలిసి తెర నిండిపోయినప్పుడు నా పాత్ర ఎక్కడుందో నాకే తెలియలేదు. మేనకోడలు “పిన్నీ, నువ్వెక్కడున్నావు?” అని అడిగినప్పుడల్లా నేను గాలిలోకి ఒక్కసారి కాల్చి గుర్తు చూపించేదాన్ని. మొదటి తరం ‘హెల్‌డైవర్స్’లో కూడా నలుగురు ఒకే చట్రంలో ఇరుక్కుంటారు. కానీ అక్కడ నేలంతా ఖాళీ మైదానం. ఇక్కడ ప్రతి అంగుళం వస్తువులతో నిండిన నగరం. ఒకే తెర మీద ఆడేవారికి నా సలహా ఇద్దరు, మహా అయితే ముగ్గురు. నలుగురైతే అల్లరి ఉంటుంది, ఆనందం కూడా ఉంటుంది, ఎత్తు తెలిసి కాల్చడం మాత్రం ఉండదు.

పెట్టెల్లో, పడిపోయిన శత్రువుల దగ్గర దొరికే దోపిడి సొమ్ము (లూట్) విషయంలోనే ఆటగాళ్ల మధ్య అసలు తగవు. దీన్ని చాలామంది లూట్ షూటర్ అన్నారు. లూట్ షూటర్ అంటే ఏమిటో ఆ ఆటలు ఆడినవారికి తెలుసు: ఒకే తుపాకీ వందసార్లు దొరుకుతుంది, వందసార్లూ దాని బలం చెప్పే అంకెలు వేరు. ఆ అంకెల వేటే సగం ఆట. ‘ది అసెంట్’లో అలా లేదు. ఒక తుపాకీ ఎప్పుడు దొరికినా అదే తుపాకీ, అవే అంకెలు. రెండోది దొరికితే అమ్ముకోవడమే. తుపాకుల దుకాణంలో దొరికిన భాగాలు ఇచ్చి ఒక తుపాకీని పదో లెవెల్ దాకా పెంచుకోవచ్చు, ఆ రకం తుపాకులన్నిటికీ ఆ పెంపు వర్తిస్తుంది. పై లెవెళ్లకు కావలసిన మేలురకం భాగాలు అరుదు, వాటిని దేనిమీద పెట్టాలో ముందే ఆలోచించుకోవాలి.

నా స్నేహితుడికి ఇది సుతరామూ నచ్చలేదు. వాడు ఇలాంటి ఆటల్లో వేల గంటలు గడిపినవాడు. “పెట్టె తెరిస్తే గుండె కొట్టుకోవాలి. ఇక్కడ పెట్టెలో ఏముందో నాకు ముందే తెలుసు” అన్నాడు. వాడి మాటలో న్యాయం ఉంది. ఆట సగం దాటాక నాకూ పెట్టెల మీద ఆసక్తి తగ్గింది. దొరికేది డబ్బు, లేదా ఉన్న తుపాకీయే ఇంకొకటి. అయినా నేను వాడితో ఏకీభవించను, దానికి కారణం తమ్ముడితో ఆడిన అనుభవమే. అంకెల వేట ఉన్న ఆటల్లో మేమిద్దరం కలిసి ఆడినప్పుడు సగం సమయం ఒకరు సంచీ సర్దుకుంటుంటే ఇంకొకరు తెర వైపు చూస్తూ కూర్చునేవాళ్లం. ఈ తుపాకీ ఆ తుపాకీ కంటే మూడు శాతం మెరుగా కాదా అని లెక్కలు. ఇక్కడ అది లేదు. కొత్త తుపాకీ దొరికిందంటే నిజంగా కొత్తది, దాని శబ్దం వేరు, అది తన్నే తీరు వేరు. రెండు నిమిషాలు పట్టుకుని చూస్తే ఉంచుకోవాలో అమ్మాలో తెలిసిపోతుంది. కాబట్టి ఎవరైనా లూట్ కోసం ఈ ఆట కొనాలనుకుంటే వద్దనే చెబుతాను. ఆ పేరు దానికి తప్పుగా తగిలించారు. తుపాకులను సేకరించే ఆట అంటే సరిపోయేది.

లెక్క తక్కువైనా ఎంపికకు విలువ ఉంది. దెబ్బల్లో రకాలున్నాయి: మామూలు తూటా, నిప్పు, ఎనర్జీ, డిజిటల్. యంత్రాల మీద డిజిటల్ తుపాకీ పట్టుకుని వెళితే అరనిమిషంలో పూర్తయ్యే పోరాటం, తప్పు తుపాకీతో వెళితే నాలుగు నిమిషాలు సాగుతుంది. మన దగ్గర ఒకేసారి రెండు తుపాకులు ఉంటాయి. ఇద్దరు ఆటగాళ్లంటే నాలుగు. మేమిద్దరం నాలుగు రకాలూ ఉండేలా పంచుకున్నాం. ఒంటరిగా ఆడేవారికి ఈ సదుపాయం లేదు. చాలామంది ఫిర్యాదు చేసే ‘ఉన్నట్టుండి కష్టం పెరిగిపోవడం’ కొంత ఇందువల్లే అని నా అనుమానం.

కొంత మాత్రమే. మిగతాది ఆట తప్పే. అసలు కథ దారిలోనే మన లెవెల్ కంటే బాగా పైనున్న శత్రువులు ఎదురవుతారు. అప్పుడు పక్క పనులు చేసి లెవెల్ పెంచుకుని రావాలి. పక్క పనులేమో నగరం ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి. మెట్రో ఉంది, కానీ స్టేషన్ల మధ్యనే. టాక్సీ కథలో కొంత ముందుకు వెళ్లాకే వస్తుంది, పిలిచినప్పుడల్లా డబ్బు తీసుకుంటుంది. నడుస్తుంటే ఒకసారి ఖాళీ చేసిన వీధుల్లో మళ్లీ అదే ముఠాలు. మొదటిసారి నగరం చూస్తూ నడిచే దారి, నాలుగోసారికి బరువవుతుంది. ఒక చోట కంప్యూటర్ హ్యాకింగ్ పూర్తయ్యేదాకా అలలు అలలుగా వచ్చేవాళ్లను ఆపాలి. అలాంటి పనులు ఆట చివరి భాగంలో మరీ ఎక్కువ. వాటిలో రెండింటిని తీసేసినా ఎవరూ బాధపడేవారు కాదు.

కథ దగ్గర నేను ఎక్కువసేపు ఆగను, మొదలు మాత్రం చాలా బాగుంది. మన పాత్ర ఒక ‘ఇండెంట్’. కొత్త జీవితం కోసం కంపెనీతో ఒప్పందం రాసి ఈ గ్రహానికి వచ్చి, ఆ అప్పు తీరేదాకా చాకిరీ చేసే మనిషి. మన భాషలో చెప్పాలంటే వెట్టి. ఇలా వచ్చినవాళ్లలో మనుషులే కాదు, రకరకాల గ్రహాల జీవులున్నారు. ఒకరోజు ఆ కంపెనీయే, ది అసెంట్ గ్రూప్, హఠాత్తుగా కుప్పకూలుతుంది. యజమాని లేడు. మరి అప్పు ఎవరికి తీర్చాలి? ఒప్పందం ఇంకా ఉన్నట్టా లేనట్టా? ఇంత బలమైన ప్రశ్నతో మొదలై, తర్వాత ‘అక్కడికి వెళ్లు, అది తీసుకురా, వాణ్ని చంపు’ అనే పనుల వరుసలోకి కథ జారిపోయింది. సంభాషణల్లో పేర్లు, సాంకేతిక పదాలు కుప్పలుగా పడతాయి. వీధిలో నిలబడి జనం మాటలు వింటే దొరికేంత కథ పెద్ద పాత్రల నోట దొరకలేదు. సమాచార పుస్తకంలాంటి కోడెక్స్ ఉంది, ఓపికగా చదివితే అందులో మంచి ముక్కలు దొరుకుతాయి.

ఆ ఓపికకు అక్షరాల పరిమాణం పరీక్ష పెడుతుంది. సోఫాలో కూర్చుని టీవీలో ఆడేటప్పుడు మెనూల్లో రాతలు నాకు చిన్నవిగా కనిపించాయి. తుపాకీ వివరాలు చదవడానికి ప్రతిసారీ ముందుకు వంగాల్సి వచ్చింది. కంప్యూటర్ ముందు బల్ల దగ్గర కూర్చుంటే ఈ ఇబ్బంది లేదు. విడుదలైన కొత్తలో కలిసి ఆడేటప్పుడు ఆట ఆగిపోవడం, ప్రగతి సరిగా నమోదు కాకపోవడం వంటివి ఎదురయ్యాయని చాలామంది ఆటగాళ్లు రాశారు. తర్వాత అప్‌డేట్లు వచ్చాయి. నేను మొదలుపెట్టింది ఆ తర్వాతే.

2022 ఆగస్టులో ‘సైబర్ హైస్ట్’ అనే అదనపు భాగం వచ్చింది. మల్‌హోర్స్ట్-గెల్బ్ అనే కంపెనీ టవర్‌లోకి చొరబడే కథ. మొదటిసారిగా కత్తుల వంటి చేతి ఆయుధాలు ఇందులోనే వచ్చాయి. తమ్ముడు వెంటనే తుపాకీ పక్కన పెట్టేశాడు. నాకు మాత్రం కత్తి ఈ ఆటకు పరాయిదిగా తోచింది. కత్తి పట్టినవాడికి ఎత్తు అక్కర్లేదు, గోడ అక్కర్లేదు, దగ్గరికి వెళ్లి ఊపడమే. ఆటలోకెల్లా సొంత తెలివి ఎక్కడుందో సరిగ్గా దాన్నే పక్కన పెట్టే ఆయుధం అది. సరదాకు రెండు గంటలు బాగుంది.

ఇదే దారిలో ఉన్న ఇంకో రెండు ఆటలతో పోల్చి చెబుతాను. పోలండ్‌కు చెందిన రెయికాన్ గేమ్స్ 2017లో తెచ్చిన ‘రుయినర్’ కూడా పైనుంచి చూసే సైబర్‌పంక్ (నియాన్ వెలుగుల, కంపెనీలు ఏలే భవిష్యత్ నగరాల) షూటరే. కదలిక దానిలో ఇంకా వేగంగా, పదునుగా ఉంటుంది. కాకపోతే అది ఒక్కరి ఆట. వాల్వ్ 2010లో ఉచితంగా ఇచ్చిన ‘ఏలియన్ స్వార్మ్’లో నలుగురి మధ్య పని విభజన దీనికంటే స్పష్టంగా ఉంటుంది, ఒకరు లేకపోతే మిగతావారికి నిజంగా కష్టమవుతుంది. ‘ది అసెంట్’ ఆటగాళ్లకు పాత్రలు పంచి ఇవ్వదు, అందరూ అన్నీ చేయగలరు. పక్కన మాట్లాడే మనిషి ఉంటేనే పని విభజన పుడుతుంది. అందుకే తెలియనివారితో ఆన్‌లైన్‌లో ఆడి, బాగాలేదన్నవారి మాట నాకు వింతగా అనిపించలేదు. అలాంటివారు ఒంటరిగా ఆడితేనే నయం. ఒంటరివారికి నగరం ఉంది, సంగీతం ఉంది. పక్కన తమ్ముడో చెల్లెలో పాత స్నేహితుడో ఉన్నవారు మాత్రం రెండో కంట్రోలర్ తీసి కూర్చోండి, మొదటి గంటలోనే ఎవరు ఎత్తి కాల్చాలో ఎవరు దించి కాల్చాలో మాట్లాడుకోండి.

సెలవుల్లో నాలుగో రోజున మేనల్లుడు దారి తప్పి, మ్యాప్ తెరిచి చూసి, “పిన్నీ, ఇది పైనా కిందా?” అని అడిగాడు. ఆట ఆపి, వాడికి ఒక తెల్ల కాగితం ఇచ్చి సెక్షన్ గీయడం నేర్పించాను. అడుగున డీప్‌స్టింక్, పైన వారెన్స్, లిఫ్టుకు ఒక నిలువు గీత, వంతెనకు ఒక అడ్డగీత. ఆ రోజు నుంచి కాల్పులు పూర్తయిన ప్రతిసారీ వాడు కాగితం మీదికి వంగి కొత్త గీత చేర్చేవాడు. వెళ్లేటప్పటికి నాలుగు కాగితాలు అతికించి ఒక పొడవాటి నగరం తయారైంది. ఇప్పుడది టీవీ పక్క గోడకు ఉంది. తమ్ముడూ నేనూ న్యూ గేమ్ ప్లస్‌లో, అంటే ముగించిన పాత్రలతోనే కథను మొదటినుంచి ఆడే పద్ధతిలో, మళ్లీ మొదలుపెట్టాం, నేల మీద గీత వేసే బటన్ ముట్టుకోకుండా ఆ కాగితం చూసుకుంటూ ఆడుతున్నాం. హైస్ట్రీట్ దగ్గర ఒక లిఫ్టును వాడు తప్పు అంతస్తులో గీశాడని నిన్న రాత్రి తేలింది. పెన్సిల్‌తో చిన్న ప్రశ్నార్థకం పెట్టి ఉంచాను, వచ్చినప్పుడు వాడే దిద్దుతాడు.